చెరువు నిండుగానే ఉంది, మరి కట్ట?

యాంకర్: నమస్కారం. బోటింగ్‌కో, గాలం వేసి చేపలు పట్టడానికో, సాయంత్రం కాసేపు కూర్చోడానికో కట్టుకున్న చిన్న సరస్సుల గురించి ఈ రోజు చర్చ. నిజానికి సరస్సు గురించి కాదు, దాన్ని ఆపి ఉంచే మట్టికట్ట గురించి. స్టూడియోలో మట్టికట్టల డిజైన్ చేసే ఇంజినీర్ ఉన్నారు, డ్యామ్ తనిఖీల్లో పనిచేసి రిటైరైన ఇన్‌స్పెక్టర్ ఉన్నారు, ఒక సరస్సు నిర్వహణ కమిటీ సభ్యుడు ఉన్నారు. కమిటీ వారితో మొదలుపెడదాం. మీ కట్ట ఎలా ఉందండీ?

కమిటీ సభ్యుడు: చూడటానికి బాగానే ఉంది సార్. ఎత్తు 8 మీటర్లు ఉండొచ్చు. పైన వాకింగ్ ట్రాక్, కింది వాలు మీద పెద్ద చెట్లు. నీడ బాగుంటుందని జనం వస్తారు. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు దగ్గర చేపలు పోకుండా జాలీ కట్టాం. కట్ట అడుగున ఒకచోట చెమ్మ ఉంటుంది, అది మొదట్నుంచీ ఉన్నదేనట.

ఇన్‌స్పెక్టర్: (నవ్వుతూ) సగం తనిఖీ రిపోర్టు మీరే చెప్పేశారు.

యాంకర్: ఆ చెమ్మ సంగతి ముందు చూద్దాం. మట్టికట్ట అన్నాక ఊట ఉండదా మేడమ్?

ఇంజినీర్: ఉంటుంది. ఊట లేని మట్టికట్ట లేదు. భయపడాల్సింది ఊటకు కాదు, అందులో మట్టి కొట్టుకురావడానికి. నీరు కట్టలోంచి వస్తూ సన్నటి మట్టిరేణువుల్ని తెచ్చుకుంటే లోపల దారి పడుతుంది. దారి పడితే నీరు ఎక్కువొస్తుంది, నీరు ఎక్కువైతే దారి ఇంకా పెద్దదవుతుంది. కట్టకు బుంగ పడటం అంటారే, అదే. బయట గడ్డి పచ్చగా ఉంటుంది, పైన జనం నడుస్తుంటారు, లోపల మాత్రం గొట్టం తయారవుతుంటుంది.

ఇన్‌స్పెక్టర్: అందుకే 'మొదట్నుంచీ ఉన్నదే' అనే మాట వింటే నాకు టెన్షన్. మొదట్లో ఎంత ఉండేది? ఎవరైనా కొలిచారా? పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఆ ఊటను చిన్న పైపులోకి మళ్లించి కింద బకెట్ పెట్టండి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్లో చూడండి. కొంచెం నీటిని గాజు సీసాలో పట్టి కదపకుండా ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి అడుగున మట్టి పేరుకుంటే అదే రోజు ఇంజినీర్‌ని పిలవాలి. ఇంకోటి, ఊట వచ్చేచోట ఇసుక ఉడుకుతున్నట్టు పైకి లేస్తూ, చుట్టూ చిన్న పుట్టలా పేరుకోవడం చూశారా?

కమిటీ సభ్యుడు: లేదండీ. ఒకవేళ కనిపిస్తే మట్టి బస్తాలతో కప్పేస్తే సరిపోతుందా?

ఇంజినీర్: వద్దు, అది చాలామంది చేసే పని. నోరు మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ముందు ఇసుక పరిచి దాని మీద కంకర పోస్తారు. ఆ లోపు సరస్సు మట్టం తగ్గించడం మొదలుపెట్టాలి, కింద ఉన్నవాళ్లకు కబురు చేయాలి.

యాంకర్: సాగునీటి చెరువుల కంటే వినోదానికి కట్టిన వాటితో ఇబ్బంది ఎక్కువా?

ఇన్‌స్పెక్టర్: నా అనుభవంలో అవును. సాగునీటి చెరువులో మట్టం దిగుతుంది. దిగినప్పుడు కట్ట లోపలి వాలు బయటపడుతుంది, రాతి పరుపు ఎక్కడ జారిందో, నీళ్లు కిందికి వదిలే తూము నోరు ఎలా ఉందో కళ్లకు కనిపిస్తుంది. బోటింగ్ సరస్సులో నీళ్లు తగ్గితే ఫోన్లు మొదలవుతాయి! అందుకని ఏడాది పొడవునా నిండుగానే ఉంచుతారు. లోపలి వాలును ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. పైగా బోట్ల అలలు ఒకే మట్టం దగ్గర కట్టను కోస్తుంటాయి. నీళ్లు ఇంకాస్త నిలవాలని అలుగు మీద చెక్కలు అడ్డం పెట్టేవాళ్లనీ చూశాను.

ఇంజినీర్: అలుగు జాలీ దగ్గరికి వద్దాం. అమెరికాలో పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ ఉండేది. 22 మీటర్ల మట్టికట్ట, చిన్నదేం కాదు, కానీ పక్కా వినోదపు సరస్సు, సంపన్నుల చేపల వేట క్లబ్బుది. బండ్లు పోవడానికని కట్ట పైభాగాన్ని తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు కట్టారు. నీళ్లు దించే అడుగు గొట్టాలను అంతకుముందు యజమానే పీకేస్తే, క్లబ్బు మళ్లీ వేయలేదు. 1889 మే 31న కుండపోత. కొట్టుకొచ్చిన చెత్త జాలీలకు అడ్డం పడింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. దిగువన జాన్స్‌టౌన్‌లో 2,209 మంది పోయారు.

యాంకర్: జాలీ, తగ్గిన కట్ట, లేని గొట్టం. మూడూ ఎవరో సౌకర్యం కోసమో పొదుపు కోసమో చేసినవే.

ఇంజినీర్: అవును. కాంక్రీటు డ్యామ్ మీదుగా నీరు కాసేపు పొర్లినా తట్టుకోవచ్చు. మట్టికట్ట మీదుగా పొర్లితే మట్టి కోసుకుపోతుంది, గండి పడటానికి కొన్ని గంటలు చాలు. నడిచి నడిచి ట్రాక్ ఒకచోట కుంగి ఉంటే మొదట అక్కడే పొర్లుతుంది.

కమిటీ సభ్యుడు: జాలీ తీసేస్తాం, అది తేలికే. చెట్లు కొట్టమంటే మాత్రం జనం ఊరుకోరు మేడమ్.

ఇన్‌స్పెక్టర్: ఊరుకోరు, నాకు తెలుసు. అయినా చెప్పాలి. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ డ్యామ్ అని ఉండేది. ఎత్తు 12 మీటర్ల లోపే. ఒకప్పుడు కరెంటు కోసం వాడారు, 1957లో అది ఆగిపోయాక సరస్సు వినోదానికే మిగిలింది. కింది వాలు మరీ నిటారు, దాని మీద చెట్లు. 1973 నాటి ఫొటోలో ఆ వాలు ఒకచోట జారినట్టు కనిపిస్తుంది. 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక, జనం నిద్రలో ఉండగా కట్ట తెగి, కింద కాలేజీ ప్రాంగణంలో 39 మంది పోయారు. దర్యాప్తు చేసినవాళ్లు ఒక్క కారణాన్ని తేల్చలేదు, పలు లోపాలు కలిశాయన్నారు. ఆ తర్వాతే కేంద్ర ప్రభుత్వానివి కాని ప్రమాదకరమైన డ్యామ్‌లను తనిఖీ చేయమని అధ్యక్షుడు కార్టర్ ఆదేశించారు.

యాంకర్: వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కదా?

ఇంజినీర్: గట్టు మీద అయితే సరే. కట్టలో వేరు చచ్చి కుళ్లితే అక్కడ ఖాళీ మిగులుతుంది, అది నీటికి దారి. గాలివానకు పెద్ద చెట్టు కూలితే వేళ్లతో పాటు కట్ట ముక్క లేచొస్తుంది. కానీ ఇప్పుడే వెళ్లి పెద్ద మొద్దులు పెకలించొద్దు, నీళ్లు నిండుగా ఉండగా అసలే వద్దు. మొలకలు, పొదలు ముందు తీయండి. పెద్ద చెట్ల సంగతి కట్టను చూసిన ఇంజినీర్ తేల్చాలి. గుబురు పోయి పొట్టి గడ్డి ఉంటే ఎలుక బొక్కా, పగులూ, జారుడూ అన్నీ కనిపిస్తాయి.

యాంకర్: తూము వాల్వ్ చివరిసారి ఎప్పుడు తిప్పారండీ?

కమిటీ సభ్యుడు: నేను కమిటీలోకి వచ్చాక తిప్పలేదు. తిప్పితే మళ్లీ మూసుకుంటుందో లేదోనని భయం.

ఇన్‌స్పెక్టర్: ఆ భయం నిజమే. తుప్పు పట్టిన వాల్వ్ సగంలో ఇరుక్కుంటే సరస్సు ఖాళీ అవుతుంది. నీళ్లు ఆపే ఏర్పాటు పక్కన పెట్టుకుని, తెలిసినవాళ్లతో తిప్పించాలి. అత్యవసరంలో మట్టం దించడానికి మీకున్న దారి అదొక్కటే కదా.

ఇంజినీర్: గొట్టం లోపల కెమెరా కూడా పంపించండి. అమెరికాలోనే కొలరాడోలో 8 మీటర్ల ఎత్తున్న లాన్ లేక్ కట్ట 1982లో తెగింది. గొట్టానికీ వాల్వ్‌కీ మధ్య అతుకులోని సీసం చెడి, నీరు కారి చుట్టూ మట్టిని కోసేసింది. ముగ్గురు చనిపోయారు. మీ కట్ట ఎత్తూ అంతే.

కమిటీ సభ్యుడు: సీజన్ అయ్యాక ఒకసారి నీళ్లు దించి మొత్తం చూపించొచ్చా?

ఇంజినీర్: దించండి, మెల్లగా. సాధారణంగా రోజుకు అడుగుకు మించనివ్వరు. గబగబా దించితే లోపలి వాలు తడి బరువుతో జారిపోతుంది.

ఇన్‌స్పెక్టర్: వదిలే ముందు దిగువన ఇళ్లకు, రోడ్డు వంతెన చూసేవాళ్లకు చెప్పండి. అర్ధరాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. బకెట్ పనికి మాత్రం సీజన్ అయ్యేదాకా ఆగకండి, రేపు పొద్దున్నే మొదలుపెట్టండి. సెకన్ల పక్కన ఆ రోజు సరస్సు మట్టం, వాన పడిందో లేదో కూడా రాయండి. అవి లేకపోతే ఊట పెరిగిందా, మట్టం పెరిగిందా అన్నది నాలాంటివాడు వచ్చినా చెప్పలేడు.