డాల్ఫిన్‌తో నీటిలోకి దిగే ముందు: ఉత్తరాంధ్ర కుటుంబాలకు సూచనలు

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్‌లో పనిచేస్తున్న తమవారి దగ్గరకు వెళ్లే కుటుంబాలు, ఉన్న నాలుగు రోజుల్లో పిల్లలను డాల్ఫిన్లతో ఈతకు కూడా తీసుకువెళ్లాలని ముచ్చటపడుతుంటాయి. మన దేశంలో అందుకు వీలు లేదు. డాల్ఫిన్లను వినోదం కోసం బంధించి ఉంచే కేంద్రాలకు అనుమతి ఇవ్వరాదని 2013 మే నెలలో కేంద్రం రాష్ట్రాలకు స్పష్టం చేసింది. అందువల్ల దుబాయ్ పామ్ జుమేరాలోని డాల్ఫిన్ బే వంటి చోటికి వెళ్లేవారు ఎలా సిద్ధం కావాలో ఈ వీడియోలో చెబుతాను.

ముందుగా టికెట్ సంగతి. నడుము లోతు నీటిలో నిలబడి డాల్ఫిన్‌ను తాకే కార్యక్రమం వేరు, లోతైన నీటిలో దానితో పాటు ఈదే కార్యక్రమం వేరు, ధరలూ వేరు. ప్రకటనలో ఈత అన్న మాట చూసి డబ్బు కట్టేయకుండా, నీటి లోతు ఎంత, పిల్లలకు కనీస వయసు, ఎత్తు ఎంత ఉండాలి అన్నవి చదువుకోవాలి. గర్భిణులను సాధారణంగా నీటిలోకి అనుమతించరు. నాగావళిలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చినవారు సైతం లైఫ్ జాకెట్ వేసుకోవలసిందే. ఉప్పునీరు మనిషిని మంచినీటి కన్నా ఎక్కువగా తేలుస్తుంది కనుక, కాళ్లు కిందికి ఆనించి నిలబడడానికి మొదట కొంత తడబాటు ఉంటుంది.

మనవారికి అసలు జాప్యం జరిగేది ఒంటిమీద ఉన్నవాటి దగ్గర. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పుస్తెలతాడు, పిల్లల మొలతాడుకు కట్టిన తాయెత్తు, అన్నీ లాకర్‌లో పెట్టవలసినవే. లోహపు అంచు గీసుకుంటే డాల్ఫిన్ చర్మం తెగుతుంది, ఊడిపడిన చిన్న వస్తువును అది మింగనూ వచ్చు. పుస్తెలతాడు తీయడానికి ఇష్టపడని పెద్దవారు ఉంటే గట్టున కూర్చుని చూసే టికెట్ తీసుకోవడం మేలు. నీటి అంచున నిలబడి శిక్షకుడితో వాదించి ప్రయోజనం లేదు. తలకు కొబ్బరినూనె, ఒంటికి సన్‌స్క్రీన్, కాళ్లకు పసుపు ఆ రోజుకు వద్దు. గోళ్లు ముందురోజు రాత్రే కత్తిరించుకోవాలి.

(తెరపై: అరచేయి చాచి చూపడం)

నీటిలో వేళ్లు దగ్గరగా చేర్చి, అరచేతిని చదునుగా ఉంచి, వీపు మీద లేదా పక్కల మాత్రమే నిమరాలి. పైన ఒలిచిన తాటిముంజెలా జారుతూ తగిలినా, లోపల గట్టి కండ తెలుస్తుంది. తల పైభాగాన ఉన్న రంధ్రమే దాని ముక్కు. డాల్ఫిన్ చేప కాదు కనుక ఊపిరి కోసం పైకి వచ్చి ఆ రంధ్రాన్నే తెరుస్తుంది, అక్కడ చేయి పెట్టరాదు, కళ్ల దగ్గరా పెట్టరాదు. దాని మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్లు కనిపించేది దవడ ఆకృతి వల్లనే. దవడలు టపటపా కొట్టినా, తోకతో నీటిని బలంగా చరిచినా సరదా అనుకోకుండా, చేతులు వెనక్కి తీసుకుని శిక్షకుడు చెప్పినట్లు చేయాలి.

రోజుకు ఎన్నో కిలోమీటర్లు ఈదే జంతువుకు ఎంత పెద్ద కొలనైనా ఇరుకేనని నా అభిప్రాయం. ఆ ఇరుకు చూడలేనివారు, అంత ఖర్చు పెట్టలేనివారు మన పొరుగునే ఒడిశాలో ఉన్న చిలికా సరస్సుకు వెళ్లవచ్చు. అక్కడివి ఇరావడీ డాల్ఫిన్లు. తల గుండ్రంగా ఉంటుంది, ముందుకు పొడుచుకువచ్చిన మూతి ఉండదు, బిడియం ఎక్కువ. వాటి మధ్య ఈతకు దిగరాదు, పడవలోంచి చూడడమే. ఇచ్ఛాపురం దాటాక చిలికా వచ్చేసిందని బాలుగావ్‌లో దిగిపోతే కాళీజాయి గుడికి పడవలు దొరుకుతాయి గాని, డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది సముద్రముఖం వైపు, పూరీకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని సాతపడ దగ్గర. అవి కనిపించగానే ఇంజిన్ ఆపాలని పడవ నడిపేవారితో ఎక్కేముందే మాట్లాడుకోండి. వెంటపడే పడవల ప్రొపెల్లర్ తగిలి అవి గాయపడే ప్రమాదం ఉంది, పైగా బెదిరిన గుంపు నీటి కిందికి వెళ్లిపోతే మీరు ఇచ్చిన బాడుగకు చూసేదీ ఏమీ మిగలదు.