ఊటను ఆపే మట్టి ఏది?

శ్రోతలకు నమస్కారం. చెరువు కట్టయినా, చెత్త పూడ్చే గోతి అడుగైనా, ఊట ఆగాలంటే బంకమట్టి వెయ్యమంటారు. సరే, ఏ బంకమట్టి?

దీనికో పరీక్ష ఉంది. 100 మిల్లీలీటర్ల నీరున్న కొలజాడీలో 2 గ్రాముల సోడియం బెంటొనైట్ అనే బంకమట్టి పొడిని కొద్దికొద్దిగా చల్లుతారు. చల్లిందల్లా మునిగి, ఉబ్బి, జావలా పేరుకుంటుంది. మర్నాటికి మంచి రకమైతే 24 మిల్లీలీటర్ల గీత దాటుతుంది. పింగాణీకి వాడే తెల్లమట్టి, కేయొలిన్, అయితే అడుగున కాస్త కూర్చుని ఊరుకుంటుంది. కాల్షియం బెంటొనైట్ ఈ రెంటికీ నడుమ. బెంటొనైట్ రేకుల సందుల్లోకి నీరు దూరి వాటిని విడదీస్తుంది, అవి ఉబ్బి ఖాళీలన్నీ పూడుస్తాయి. కేయొలిన్ రేకులు ఒకదాన్నొకటి వదలవు.

అలాగని బెంటొనైట్‌కే ఓటు వేసేయకండి. నీటిలో కాల్షియం ఎక్కువుంటే అది సోడియాన్ని తోసి ఆ చోట చేరుతుంది, ఉబ్బు పడిపోతుంది. అందుకే పరీక్షకు శుద్ధజలంతో పాటు అక్కడ నిలవబోయే నీటినీ వాడి చూడాలి. ఎండిందా, నెర్రెలిస్తుంది. నల్లరేగడిలో ఉన్నదీ చాలావరకు ఈ జాతి ఖనిజమే, దాని నెర్రెలు మీకు తెలుసు.

చెత్త గోతుల అడుగు పొరలోంచి నీరు దిగే వేగానికి చాలా దేశాలు పెట్టిన హద్దు సెకనుకు మీటరులో వంద కోట్లో వంతు. పైన నీరు పెద్దగా నిలవకపోతే, ఏడాదికి దిగేది సుమారు 3 సెంటీమీటర్ల నీరన్నమాట. మామూలు బంకమట్టి కూడా ఈ హద్దుకు లోబడుతుంది, బాగా తొక్కిస్తే. పొడిగా ఉండగా రోలరు నడిపితే పెళ్లలు చితకవు, వాటి సందుల్లోంచి నీరు దారి చేసుకుంటుంది. కాస్త తడి ఎక్కువగా ఉంచి తొక్కిస్తే అదే మట్టిలో ఊట పదింతలు, ఒక్కోసారి వందింతలు తగ్గుతుంది. నన్నడిగితే, ఖరీదైన మట్టి తెప్పించే ముందు రోలరు దగ్గర నిలబడి చూడాలి. నేల మరీ ఇసుకైతే మాత్రం బెంటొనైట్ కలపక తప్పదు.

నీరు దిగకపోతే చాలదు, మట్టి కొట్టుకుపోకూడదు కూడా. అమెరికాలోని ఐడహోలో టీటన్ డ్యామ్ గర్భంలో, అంటే నీటిని ఆపే నడిమి భాగంలో, వేసింది గాలి మోసుకొచ్చిన సన్నని ఒండ్రు. జిగురు తక్కువ. 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే, లోలోపల కోసుకుపోయి డ్యామ్ తెగింది, 11 మంది చనిపోయారు. మట్టి గర్భానికి దిగువన తగిన ఇసుక ఫిల్టరు ఉంటే, ఊట వచ్చినా నీరే బయటికి వస్తుంది, మట్టి రాదు.