యూరిక్ యాసిడ్ ఎక్కువుందని పప్పు మానేశారా? బిడ్డ కోసం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ముందు ఇది వినండి

[దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్, తెల్లవారుజాము. బుట్టల్లో నెత్తళ్లు, కవ్వళ్లు, రొయ్యలు. మాటలు వెనక నుంచి వినిపిస్తాయి.]

నమస్తే అండి. నేను డైటీషియన్‌ని, విశాఖపట్నంలోనే పనిచేస్తాను. ఆమధ్య గాజువాక నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. 29 ఏళ్లు. పిల్లల కోసం అనుకుంటూ రక్తపరీక్షలు చేయించుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, యూరిక్ యాసిడ్ ఒక్కటే 7.1.

ఇక మొదలైంది. తెలిసినవాళ్లెవరో కందిపప్పు మానేయమన్నారు. వాళ్ల అత్తయ్యగారు పాలకూర, టమాటా మానిపించారు. చేప, గుడ్డు కూడా పోయాయి. మూడు నెలలు చారన్నం, మజ్జిగన్నం. నా దగ్గరికి వచ్చేసరికి యూరిక్ యాసిడ్ 6.9, అంటే తగ్గింది పిసరంత. హిమోగ్లోబిన్ మాత్రం 11.4 నుంచి 9.8కి పడిపోయింది. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. బిడ్డను మోయడానికి బలం కూడగట్టుకోవాల్సిన రోజుల్లో ఉన్న బలం పోగొట్టుకుంది. నాకు చాలా బాధేసింది.

[దృశ్యం: స్టూడియో. తెర మీద కిడ్నీ బొమ్మ.]

అసలు యూరిక్ యాసిడ్ ఎక్కడిది? మన ఒంట్లో పాత కణాలు పోయినప్పుడు, కొంత మనం తినే తిండి నుంచి, ప్యూరిన్లు అనే పదార్థాలు వస్తాయి. అవి విరిగిపోగా చివరికి మిగిలేదే యూరిక్ యాసిడ్. ఇందులో ఎక్కువ భాగం ఒంట్లో తయారయ్యేదే, తిండి వాటా తక్కువ. మూడింట రెండు వంతులు కిడ్నీలు మూత్రంలోకి పంపేస్తాయి, మిగతాది పేగుల ద్వారా పోతుంది.

ఆడవాళ్లలో ఇది మామూలుగా 6 లోపు ఉంటుంది. నెలసరి వచ్చే వయసులో ఈస్ట్రోజన్ హార్మోన్ కిడ్నీల చేత దీన్ని బాగా బయటికి పంపిస్తుంది. ఈ వయసు ఆడవాళ్లకి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, నొప్పి, అరుదుగా రావడానికి కారణం అదే. అలాంటిది 29 ఏళ్లకే 7 దాటిందంటే, ఏం తినకూడదు అని కాదు, ఎందుకు పెరిగింది అని ముందు అడగాలి.

నేను ఆ అమ్మాయిని అడిగాను. "అమ్మా, రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఏం లేవు మేడమ్, బీపీది ఒక్కటే."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్ట్రిప్ తీసింది. సగం చింపిన స్ట్రిప్, వెనక పేరు చాలావరకు చిరిగిపోయింది. లైటు కిందికి తెచ్చి చదివాను: టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్. రెండూ కలిపిన మాత్ర. ఇందులో రెండోది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. ఇక మొదటిది గర్భంలో వాడకూడని మందు, బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తుంది. పప్పు మీద పడ్డ మూడు నెలలూ అసలు సంగతి బ్యాగ్‌లోనే ఉంది. అదే రోజు ఆమెను డాక్టర్ దగ్గరికి పంపించాను. గర్భంలోనూ వాడదగిన లాబెటలాల్‌కి మార్చారు. పప్పు, ఆకుకూర, గుడ్డు మళ్లీ మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత యూరిక్ యాసిడ్ 5.8.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. కానీ వాడుతున్న ప్రతి మాత్రనూ డాక్టర్‌కి చూపించండి, అదీ గర్భం రాకముందే. బీపీకి లోసార్టాన్ వాడేవాళ్లు ఉన్నారు. అది యూరిక్ యాసిడ్‌ని కొంచెం తగ్గిస్తుంది, అయినా గర్భంలో పనికిరాదు. యూరిక్ యాసిడ్ తగ్గించే మందుల్లో ఫెబుక్సోస్టాట్ గర్భంలో సురక్షితమని చెప్పడానికి చాలినంత సమాచారం లేదు. అల్లోప్యూరినాల్‌ని కూడా వీలైనంతవరకు వాడనివ్వరు. నొప్పుల మాత్రలు, అంటే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, అండం విడుదలను ఆలస్యం చేయొచ్చు. ఇవన్నీ విని ఏ మందునూ మీ అంతట మీరు ఆపేయకండి. బీపీ మందు హఠాత్తుగా మానడం ఇంకా ప్రమాదం. ఇంకొకటి, నొప్పి ఏమీ లేకుండా ఊరికే అంకె పెరిగితే చాలామందికి మందే అక్కర్లేదు.

మందులు కారణం కాకపోతే? బరువు, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య), షుగర్ మొదలయ్యే దశ, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీలు. కాబట్టి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్, షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకోండి. ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి విశాఖలో ఉంటున్న కుటుంబాలు. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే క్రియాటినిన్ చూపించుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

గర్భం రాకముందే ఈ పరీక్షలు ఎందుకంటే, గర్భంలో కిడ్నీలు దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని వడకడతాయి. దాంతో మొదటి నెలల్లో యూరిక్ యాసిడ్ పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గి, చివరి నెలల్లో మళ్లీ పెరుగుతుంది. బయట మామూలు అనిపించే 5.5, అయిదో నెలలో ఎక్కువ కింద లెక్క కావచ్చు. మీ పాత అంకె చేతిలో ఉంటే డాక్టర్ పోల్చి చూడగలరు.

ఎక్కువ యూరిక్ యాసిడ్‌కీ ప్రీఎక్లాంప్సియాకీ సంబంధం ఉంది. ప్రీఎక్లాంప్సియా అంటే గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోవడం. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. ఆ ముప్పు ఎక్కువుందనిపిస్తే డాక్టర్ సుమారు 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్ పెంచుతుందని ఎక్కడో చదివి అది మానేసినవాళ్లను చూశాను. దయచేసి మానకండి. అది పెంచేది కొంచెమే, కాపాడేది తల్లీబిడ్డల్ని. విడవని తలనొప్పి, కళ్లు మసకబారడం, పై కడుపులో నొప్పి, ముఖం ఉబ్బడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మీరు చూపించుకునే ఆసుపత్రికో, కేజీహెచ్‌కో, ఘోషా ఆసుపత్రికో వెంటనే వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

[దృశ్యం: వంటగది. పప్పు ఉడుకుతున్న కుక్కర్, పక్కన చోడి (రాగి) అంబలి గిన్నె.]

ఇక తిండి. పప్పులో, పాలకూరలో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే. కానీ మాంసం, సముద్రపు చేపలు గౌట్ ముప్పును పెంచినట్టు పప్పులు, కూరగాయలు పెంచలేదని పెద్ద అధ్యయనాల్లోనే తేలింది. ఫోలేట్ అనే బి విటమిన్ బాగా దొరికేది పప్పులో, ఆకుకూరలో. వాటితో పాటు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉండాల్సిందే.

తగ్గించాల్సింది చక్కెర. కూల్‌డ్రింకులు, చెరకు రసం, ప్యాకెట్ జ్యూసులు. చక్కెరలోని ఫ్రక్టోజ్ ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది. రక్తం పడుతుందని వేట లివర్ పెడతారు చూడండి, అది ఈ సమస్యకీ మంచిది కాదు, విటమిన్ ఏ ఎక్కువ కాబట్టి గర్భంలోనూ వద్దు. పెరుగు, పల్చటి మజ్జిగ, గుడ్డు, చోడి అంబలి హాయిగా తీసుకోండి. మన ఉక్కపోతకి నీళ్లు సరిగ్గా తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది, సీసా దగ్గర పెట్టుకోండి.

బరువు ఎక్కువుంటే నెమ్మదిగా తగ్గండి. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే కీటోన్లు పెరిగి, యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడతాయి. కార్తీక మాసంలో గట్టి ఉపవాసం చేసిన మర్నాడు పరీక్ష చేయిస్తే అంకె పెరిగి కనిపించవచ్చు. బీచ్ రోడ్డు మీద రోజూ అరగంట నడక చాలు. పీసీఓడీ ఉన్నవాళ్లకి, 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం ఉంది.

మొన్న ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మేడమ్, అన్నీ తింటున్నాను గానీ, మా అమ్మ భీమిలి నుంచి ఎండు నెత్తళ్లు పంపింది. వంకాయతో వండుకోవచ్చా?"

నెత్తళ్లు, కవ్వళ్లు ప్యూరిన్లు బాగా ఉన్న చేపలు, ఎండబెడితే ఉప్పు కూడా తోడవుతుంది, బీపీ ఉన్న మనిషికి అది ఇంకో ఇబ్బంది. వారానికి రెండుసార్లు పండుగప్పో రాగండో పులుసు పెట్టుకోమన్నాను. సొర చేప పాదరసం వల్ల పూర్తిగా వద్దన్నాను. నెత్తళ్లు నెలకొకసారి, నానబెట్టి ఉప్పు వదిలించి, గుప్పెడు. "గుప్పెడంటే నా గుప్పెడా, మా ఆయన గుప్పెడా మేడమ్?" అంది. నీదేనమ్మా అన్నాను.