40 శాతం ఉందన్న ప్లేయరు ఎందుకు ఆగిపోతుంది?

శ్రోతలందరికీ నమస్కారం.

చూపు లేనివాళ్లు పుస్తకాలు వినే డైసీ ప్లేయర్లలో సదుపాయాలు చాలా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టి ఈ పూట బ్యాటరీ సంగతి ఒక్కటే చెప్పుకుందాం. ఎందుకంటే మన శ్రీకాకుళానికి తుపాన్లు కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. చూపున్న పిల్లలు కొవ్వొత్తి పెట్టుకునైనా నాలుగు పేజీలు చదువుతారు. చెవితో చదివే పిల్లలకు ఛార్జింగు అయిపోతే పుస్తకమే ఉండదు.

సోంపేటలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉందనుకోండి. రేపు పరీక్ష. సాయంత్రమే కరెంటు పోయింది. మీట నొక్కితే ప్లేయరు "40 శాతం" అంది. ఈ రాత్రికి చాలు అనుకుని, పక్కనున్న స్నేహితురాలికీ వినిపించేలా స్పీకరు గట్టిగా పెట్టింది. పావుగంటకే ఆగిపోయింది.

ఎందుకలా? చాలా ప్లేయర్లు వోల్టేజిని చూసి శాతం అంచనా కడతాయి. లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. ఏళ్లు గడిచేకొద్దీ దాని లోపలి నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, పెరుగుతుంది. స్పీకరు గట్టిగా మోగినప్పుడల్లా కరెంటు ఎక్కువ లాగుతుంది, వోల్టేజి గభాలున పడుతుంది. మరీ కిందికి దిగితే బ్యాటరీ పాడవుతుందని ప్లేయరు తనంతట తనే ఆగిపోతుంది. ఆ అమ్మాయి వైఫై ఆపేసి, ఇయర్‌ఫోన్ పెట్టి మళ్లీ ఆన్ చేస్తే ఇంకాసేపు వినే వీలుంది.

కాబట్టి అక్టోబరు రాకముందే ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. రాత్రి పూర్తిగా ఛార్జి చేయండి. కాసేపటికి దానంతటదే ఆపేసే స్లీప్ టైమర్ తీసేయండి. పొద్దున్నే ఒక పెద్ద పుస్తకం పెట్టి, రోజూ వినే శబ్దంతోనే వదిలేయండి. గంటగంటకీ శాతం అడగండి. 90, 80, 70 అంటూ మెల్లగా దిగి, 40 దగ్గర ఠక్కున ఆగిందా? అయితే మీ ప్లేయరుకి 40 అంటే సున్నా అని లెక్క. కొత్తలో నడిచినదాంట్లో సగం గంటలు కూడా రాకపోతే బ్యాటరీ మార్చేయడమే మేలు.

పవర్ బ్యాంకుతో ఒక చిక్కుంది. ప్లేయరు తీసుకునే కరెంటు తక్కువ. దాంతో కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. పవర్ బ్యాంకు దీపం ఆరిన సంగతి చూపు లేనివాళ్లకు తెలియదు. అందుకే తగిలించిన అరగంటకు మళ్లీ శాతం అడగండి. పెరగకపోతే పవర్ బ్యాంకు మీట ఇంకోసారి నొక్కండి.

ఇక బ్యాటరీ ఉబ్బే సంగతి. ప్లేయరుని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల వేలితో నొక్కండి. ఇదివరకు కదలనిది ఇప్పుడు ఊగుతోందా? వెనక మూత మధ్యలో ఎత్తుగా తగులుతోందా? బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాంటిదాన్ని ఛార్జింగు పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కి మూత బిగించొద్దు. రిపేరు షాపులో ఇచ్చి తీయించండి. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి వోల్టేజి, సైజు, కాంటాక్టులు మూడూ సరిచూడమని అడగండి. అదే సైజుకి రెండింతలు, మూడింతలు ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) రాసి అమ్మే బ్యాటరీని మాత్రం నమ్మకండి.