ఫ్రీజర్‌లో ఏముందో ఎవరికి తెలుసు?

అందరికీ నమస్కారం.

ఫలానా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ గ్రూపు ఫలానా జబ్బుకు కారణమైన ప్రొటీన్‌ని పట్టుకుందని అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. పక్కనే ప్రొఫెసర్‌గారి ఫొటో. తెల్లకోటు, చేతిలో ద్రవాలు కొలిచి తీసే పిపెట్. ఆయన నిజంగా పిపెట్ పట్టి చాలా ఏళ్లయి ఉంటుంది, ఆ సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు. ఆ ఫొటోలో కనిపించని మనుషుల గురించి ఈరోజు మాట్లాడదామని వచ్చాను.

హోదాలు గబగబా చెప్పేస్తాను, వాటిలో పెద్ద విశేషం లేదు. పైన ప్రొఫెసర్. డబ్బు తెచ్చేదీ, పరువు నిలబెట్టాల్సిందీ ఆయనే. తర్వాత పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ అయిపోయినా సొంత ల్యాబ్ ఇంకా రానివాళ్లు. తర్వాత పీహెచ్‌డీ విద్యార్థులు, కొన్ని నెలల ప్రాజెక్టుకు వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు. టెక్నీషియన్లు, ల్యాబ్ మేనేజరు. మాలిక్యులర్ మెడిసిన్ అంటే జబ్బుల మూలాన్ని అణువుల స్థాయిలో వెతికే, రోగులతో ముడిపడిన పని కాబట్టి ఒకరిద్దరు డాక్టర్లు, ఒక రీసెర్చ్ నర్సు. డేటా చూసే బయోఇన్ఫర్మాటిక్స్ మనిషి కూడా ఇప్పుడు తప్పనిసరి.

ఈ వరుసను బట్టి ఎవరి పని ఎంత ముఖ్యమో తేల్చుకోవచ్చు అనుకుంటే పొరపాటు. ఒక రోగి దగ్గర తీసిన రక్తం ఎవరెవరి చేతులు దాటి వెళ్తుందో చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మొదటి చెయ్యి నర్సుది. రోగికి విషయం చెప్పి, సంతకం తీసుకుని, సూది వేస్తుంది. రక్తం ఏ ట్యూబులో పట్టాలి? ఊదారంగు మూత ఉన్నదాంట్లో ఈడీటీఏ ఉంటుంది, ఆకుపచ్చ మూత ఉన్నదాంట్లో హెపారిన్ ఉంటుంది. రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపుతాయి, కానీ ఆపే తీరు వేరు. డీఎన్ఏకి లెక్కలేనన్ని కాపీలు తీసే పీసీఆర్ అనే పద్ధతికి హెపారిన్ అడ్డుపడుతుంది. డీఎన్ఏ కోసం ఆ రక్తం వాడబోయే విద్యార్థికి రెండు నెలల తర్వాత, ఆ కాపీల్ని చూసే జెల్ మీద ఏమీ కనిపించదు. సరే, ఈడీటీఏ వాడారనుకోండి. అది కాల్షియంతో పాటు మెగ్నీషియం, జింక్ అయాన్లను కూడా పట్టేసుకుంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లాంటి ఎంజైమ్‌కి ఆ లోహాలు లేకపోతే పని జరగదు, రీడింగు తప్పుగా తక్కువ వస్తుంది. అంటే ఎప్పుడో జరగబోయే ప్రయోగం తలరాత ఆ మూత రంగు దగ్గరే సగం తేలిపోతుంది. నర్సుకు ఆ ప్రయోగం ఏమిటో ఎవరైనా చెప్పారా? చాలా గ్రూపుల్లో చెప్పరు. ఆమెను వారం వారం జరిగే మీటింగుకు పిలవరు కూడా.

రెండో చెయ్యి టెక్నీషియన్‌ది. ట్యూబులో ఉన్న రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తగ్గిపోతుంది. అందుకే ట్యూబు రాగానే సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి ప్లాస్మాని, అంటే కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, వేరు చేయాలి. ప్లాస్మా లేత పసుపుగా ఉండాలి. గులాబీరంగు తిరిగిందంటే ఎర్రకణాలు పగిలాయన్నమాట, వాటిలోని పొటాషియం, ఎల్‌డీహెచ్ ఎంజైమ్ బయటికి వచ్చేసి లెక్కల్ని పాడుచేస్తాయి. అనుభవం ఉన్న టెక్నీషియన్ ట్యూబుని వెలుతురుకి ఎత్తి ఒక్కసారి చూసి, రిజిస్టర్లో ఆ నమూనా ఎదురుగా 'హీమోలైజ్డ్' అని రాస్తారు. ఆ ఒక్క మాట కూడా డేటాయే. తర్వాత ప్లాస్మాను చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెడతారు. ఒకే ట్యూబుని కరిగించి, గడ్డకట్టించి, మళ్లీ కరిగిస్తూ పోతే కొన్ని ప్రొటీన్లు నిలవవు, పంచేది అందుకే.

ఇక విద్యార్థి. కణాలను పెంచే ఇంక్యుబేటర్ 37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో నడుస్తుంది. కణాలకు ఆదివారం లేదు కాబట్టి విద్యార్థికీ లేదు. కణాలు చేతికందాయి కదా అని నమ్మడానికి కూడా వీల్లేదు. వేర్వేరు మనుషుల నుంచి వచ్చాయనుకుని ల్యాబుల్లో పెంచుతున్న కణాల్లో చాలా రకాలు నిజానికి ఒకే ఒక మహిళ క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలేనని స్టాన్లీ గార్ట్‌లర్ 1966లో చెప్పినప్పుడు విన్నవాళ్లకు మింగుడు పడలేదు. మైకోప్లాస్మా ఇంకో తలనొప్పి. ఆ బ్యాక్టీరియా చేరినా కణాల ద్రవం మబ్బుపట్టినట్టు అవదు, కంటికి ఏమీ తెలియదు. టెస్టు చేయించి తీరాలి. ఎవరు చేయిస్తారు? ల్యాబ్ మేనేజరు. అందరూ విసుక్కునేదీ ఆవిడనే.

చివరికి డేటా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి చేరుతుంది. రోగుల నమూనాలన్నీ సోమవారం, ఆరోగ్యవంతులవన్నీ గురువారం మెషీన్‌లో పెట్టారని అప్పుడు బయటపడుతుంది. కనిపిస్తున్న తేడా జబ్బుదా, మెషీన్‌లో పెట్టిన రోజుదా? ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ఆ మనిషిని ప్రయోగానికి ముందే పిలిచి ఉంటే ఐదు నిమిషాల్లో తేలే విషయం అది.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ఇలాంటి గ్రూపు ఆస్తి చాలావరకు మనుషుల చేతుల్లో, బుర్రల్లో ఉంటుంది. ఆ మనుషులేమో కొన్నేళ్లకు వెళ్లిపోయేలా ఏర్పాటంతా మనమే చేసుకున్నాం. మెషీన్లు పోతే కొనుక్కోవచ్చు. చేతివాటం కొనుక్కోలేం.

దీనికి ఇన్సులిన్ కథను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1921 వేసవిలో టొరంటో యూనివర్సిటీలో బాంటింగ్ అనే సర్జన్, బెస్ట్ అనే విద్యార్థి కలిసి పాంక్రియాస్ (క్లోమం) నుంచి సారం తీయడం మొదలుపెట్టారు. ల్యాబ్ ఇచ్చింది ప్రొఫెసర్ మెక్లాయిడ్. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే, షుగరు జబ్బున్న 14 ఏళ్ల కుర్రాడికి ఆ సారం ఎక్కించారు. షుగరు కొంచెమే తగ్గింది, సూది వేసినచోట చీముగడ్డ లేచింది. ఆపేశారు. ఆ ముందు డిసెంబరులో జట్టులో చేరిన బయోకెమిస్టు ఒకాయన ఉన్నాడు, పేరు కాలిప్. ఆల్కహాల్ గాఢత ఎంతవరకు పెంచితే మలినాలు అడుక్కి దిగి ఇన్సులిన్ పైన మిగులుతుందో, ఇంకా ఎంత పెంచితే ఇన్సులిన్ కూడా దిగుతుందో ఆయన కనిపెట్టాడు. జనవరి 23న ఆయన శుద్ధి చేసిన సారాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు, అది పనిచేసింది.

అందరూ చెప్పే కథ ఇక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెద్ద మోతాదులో తయారు చేయబోతే ఆ కాలిప్‌కే మళ్లీ అది రాలేదు. కనిపెట్టిన మనిషి, అదే ల్యాబ్, అయినా కొంతకాలం చేతికి మందు లేదు. మళ్లీ పట్టుకోవడానికి జట్టంతా కష్టపడాల్సి వచ్చింది. కాగితం మీద రాసిన ప్రోటోకాల్‌కీ, చేతికి తెలిసినదానికీ మధ్య ఉన్న దూరం అంత.

1923లో నోబెల్ బాంటింగ్‌కీ మెక్లాయిడ్‌కీ వచ్చింది. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కి, మెక్లాయిడ్ సగం కాలిప్‌కి ఇచ్చారు. బహుమతి కమిటీ లెక్క తప్పిందని గెలిచినవాళ్లే ఒప్పుకున్నట్టు లెక్క. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు, అయినా ఈ విషయంలో ఒకేలా చేశారు చూడండి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం చెప్తాను, కొత్తగా వచ్చే విద్యార్థులకు టెన్షన్ అంతా ఇక్కడే. ఈ రంగంలో పేపర్ మీద మొదటి పేరు ప్రయోగాలు ఎక్కువగా చేసినవాళ్లది, చివరి పేరు గ్రూపు నడిపేవాళ్లది. మధ్యలో ఉన్నవాళ్లు ఏం చేశారో బయటివాళ్లకు తెలియదు. టెక్నీషియన్ పేరు చాలాసార్లు చివర్లో కృతజ్ఞతల వరుసలోకి జారిపోతుంది. నాకు ఇది నచ్చదు. నమూనాలు పట్టిన తీరే ఫలితాన్ని నిలబెట్టినప్పుడు ఆ పేరు పైన ఉండాలి.

మాలిక్యులర్ మెడిసిన్‌కి పునాది అని చెప్పుకునే పేపర్ 1949లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ ఎనీమియా, వాటిలోని హీమోగ్లోబిన్ అనే ఒక అణువులో వచ్చిన మార్పు వల్ల కలిగే జబ్బు అని అది చూపించింది. అందరికీ గుర్తున్న పేరు లైనస్ పాలింగ్. పేపర్ మీద నలుగురు ఉన్నారు: పాలింగ్, ఇటానో, సింగర్, వెల్స్. ఆలోచన పాలింగ్‌ది, అది కూడా కాజిల్ అనే డాక్టర్‌తో మాట్లాడుతుండగా వచ్చింది. ఆ హీమోగ్లోబిన్‌ని విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించి తేడా చూపే పనిని భుజానికెత్తుకున్నది ఇటానో. ఆయన డాక్టరీ చదివి, పీహెచ్‌డీకి పాలింగ్ దగ్గర చేరినవాడు. ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని 1957లో ఇంగ్రామ్ తేల్చాడు.

విద్యార్థి పేరు గట్టిగా నిలిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినప్పుడు ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే బయోకెమిస్టు దగ్గర పనిచేస్తున్న యువకుడు. దానికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరే స్థిరపడింది. ద్రావణం నీలంగా మారడాన్ని బట్టి ఫాస్ఫేట్ ఎంతుందో చెప్పే ఆ కొలత వల్లే కండరాల్లో శక్తి నిల్వలా పనిచేసే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో వాళ్లిద్దరూ చెప్పగలిగారు.

డగ్లస్ ప్రాషర్‌కి అలా కలిసి రాలేదు. జెల్లీఫిష్‌లో మెరిసే ఆకుపచ్చ ప్రొటీన్ జీన్‌ని ఆయన 1992లో క్లోన్ చేశాడు, అంటే వేరుచేసి కాపీలు తీశాడు. పనిని ముందుకు నడిపేందుకు గ్రాంటు లేక, అడిగిన ఇద్దరు శాస్త్రవేత్తలకు ఆ జీన్‌ని పంపేశాడు. ఆ ఇద్దరికీ, ప్రొటీన్‌ని మొదట కనుక్కున్న షిమోమురాకీ కలిపి 2008లో నోబెల్ వచ్చింది. అప్పటికి ప్రాషర్ కార్ల షోరూమ్‌లో కస్టమర్లను దింపే వ్యాను నడుపుతున్నాడు. గెలిచినవాళ్లు ఆయన్ను తమ ఖర్చుతో వేడుకకు పిలిచారు, అది వాళ్ల మంచితనం. ఒక మనిషి పని సగంలో ఆగిపోకుండా చూసే బాధ్యత మాత్రం ఎవరి మంచితనానికో వదిలేసేది కాదు.

మళ్లీ ఫ్రీజర్ దగ్గరికి వద్దాం. ఏ పాత ల్యాబ్‌లోనైనా మైనస్ 80 తలుపు తీస్తే అడుగు అరలో కొన్ని పెట్టెలుంటాయి. మూత మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, చెరిగిపోయిన తేదీ. అవి ఎప్పుడో వెళ్లిపోయిన విద్యార్థి పెట్టెలు. లోపల ఏముందో ఆ నోట్‌బుక్ చూస్తే తెలియాలి, నోట్‌బుక్‌లో 'పెట్టె 4 చూడండి' అని ఉంటుంది. పారేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, వాడటానికి అసలే చాలదు. ఆ నమూనా ఇచ్చిన రోగి మాత్రం తన రక్తం పరిశోధనకు ఉపయోగపడుతోందనే అనుకుంటూ ఉంటాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అందుకే ల్యాబ్‌లో చేరాలనుకునే పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఎన్ని పేపర్లు వచ్చాయని అడగకండి, ఆ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్రీజర్ లిస్టు చూపించమనండి. టెక్నీషియన్ ఎన్నాళ్లుగా ఉన్నారో, ఆయన ఉద్యోగం పర్మనెంటో కాదో కనుక్కోండి. ఒక విద్యార్థి వెళ్లేముందు తర్వాత వచ్చేవాళ్లతో కొన్ని వారాలు కలిసి పనిచేసే అలవాటు ఉందా అని అడగండి. ప్రయోగం ఫెయిలైన సంగతి మీటింగులో ఎవరైనా చెప్పుకుంటారా, లేక మంచి ఫలితాలే తెస్తారా అన్నది టీ తాగేటప్పుడు అడిగితే నిజం తెలుస్తుంది. చివరగా, ఈమధ్య మానేసినవాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడతానని ప్రొఫెసర్‌గారినే అడగండి. ఆయన వెంటనే నంబరు వెతకడం మొదలుపెట్టారా, మాట మార్చారా చూడండి. మిగతా జవాబులతో మీకు పెద్దగా పని ఉండకపోవచ్చు.

నా మాటలు ఇంతే. ఇక మీరు అడగండి.