ప్లాస్టరింగు కాకముందే

పెద్దలకి, తాపీమేస్త్రులకి, వడ్రంగం పని అన్నయ్యలకి, నాతోపాటు బోర్డులు బిగించే తమ్ముళ్లకి, ఇల్లు మొదలెట్టి ఇవాళ అమలాపురం దాకా వచ్చిన దంపతులకి నమస్కారమండి. విశ్వకర్మ జయంతి కదా, స్మార్ట్ హోమ్, అంటే ఫోన్‌తో లైట్లూ తాళాలూ నడిపే ఇల్లు, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఏ కంపెనీ స్విచ్చి మంచిదో చెప్తానని కొందరు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. అది నేను చెప్పనండి. స్విచ్చి ఐదారేళ్లకి మారిపోతుంది, గోడలో తీగ మనవల దాకా ఉంటుంది. తీగ గురించే చెప్తాను.

రాజోలు దగ్గర ఒక ఇల్లు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, తల్లి ఒక్కరే ఉంటారు. వైరింగు నాదే. గదిలో పెద్ద బోర్డుకి సాకెట్ ఉంటుంది కనక న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఎలాగూ దింపుతాం. మంచం పక్క, మెట్ల దగ్గర, వరండాలో చిన్న బోర్డులకి మాత్రం కరెంటు తెచ్చే ఫేజు, స్విచ్చి నుంచి లైటుకి వెళ్లే రిటర్నూ ఇచ్చి సరిపెడతాం. అక్కడా అలాగే చేశాను. స్మార్ట్ స్విచ్చి లోపల ఫోన్ మాట అందుకునే చిన్న రేడియో ఉంటుందండి. లైటు ఆర్పినా అది మేలుకునే ఉండాలి, దానికి న్యూట్రల్ కావాలి. న్యూట్రల్ అక్కర్లేని రకాలూ ఉన్నాయి. అవి లైటు గుండానే కాస్త కరెంటు లాక్కుంటాయి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ అయితే ఆర్పాక కూడా మిణుకుమిణుకుమంటుంది.

న్యూట్రల్ లేదన్నానని ఆ అబ్బాయి స్మార్ట్ బల్బులు పంపాడు. వాటికి గోడ స్విచ్చి ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. ఎవరూ ఆర్పకుండా స్విచ్చిల మీద తెల్ల టేపు అంటించారు. మన కోనసీమలో గాలి కొడితే కరెంటు ఉంటుందాండి? పోయింది. రాత్రి రెండింటికి తిరిగొచ్చేసరికి బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి. ఫోన్‌లో ఆ సెట్టింగు మనం మార్చకపోతే, కరెంటు రాగానే అవి అలాగే వెలుగుతాయి. ఇంట్లోకి ఎవరో వచ్చారని ఆవిడ హడలిపోయి, టేపు పీకి స్విచ్చిలన్నీ ఆర్పేశారు. కువైట్‌లో కొడుకు ఫోన్‌లో బల్బులన్నీ మాయం. అమ్మ ఫోన్ ఎత్తదు. పక్కింటివాళ్లని లేపాడు. వాళ్లు తలుపు బాదారు. చీకట్లో లేచి వస్తూ ఆవిడ గడప తట్టుకుని పడ్డారు. మణికట్టు విరిగింది.

మర్నాడు వెళ్లాను. సగం ఊడిన టేపు స్విచ్చికి వేలాడుతోంది. బోర్డు విప్పితే రెండే తీగలు, స్క్రూ దగ్గర ఉప్పుగాలికి ఆకుపచ్చని చిలుం. మూడో తీగ పది మీటర్లు కూడా పట్టదండి. ఆ పది మీటర్ల తీగ మిగిల్చిన చెయ్యి నాది. కట్టు కట్టిన చెయ్యి ఆవిడది.

అందుకని తమ్ముళ్లూ, ప్రతి బోర్డుకీ న్యూట్రల్ దింపండి. ఎంత చిన్న బోర్డయినా దింపండి. ఇంటివాళ్లు అడగరు, వాళ్లకి తెలీదు. లోతైన బాక్సు పెట్టండి, స్విచ్చి వెనక సామాను పట్టాలి కదా. శ్లాబు పోయకముందే కెమెరాకి, గేటుకి, టీవీ గోడకి, హాలు మధ్యలో రౌటర్‌కి ఖాళీ పైపులు పరిచి, లోపల నైలాన్ తాడు వదలండి. నెట్ కేబుల్‌ని కరెంటు తీగల పైపులో దూర్చొద్దు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ జోరుగానే ఉంటుంది గానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది, 2.4 కొంచెం నయం. శ్లాబు దాటి పైకి మంచి సిగ్నల్ కావాలంటే క్యాట్ 6 అనే నెట్ తీగే లాగాలి. కొనేటప్పుడు చివర బ్లేడుతో గీకండి. తెల్లగా బయటపడితే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. వెనక్కిచ్చేయండి.

1996 నవంబరు 6 తుఫాను ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను మా గురువుగారి దగ్గర నిచ్చెన మోసేవాణ్ణి. కొబ్బరిచెట్లు తోటలకి తోటలే పడిపోయాయి, తీగలు బురదలో ఉన్నాయి. లైన్లు సరిచేశాక కూడా ఆయన ఏ ఇంటికీ చూడకుండా మెయిన్ వెయ్యనిచ్చేవారు కాదు. ముందు న్యూట్రల్ చూడరా అనేవారు. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు ఉండాల్సిన ఇంట్లోకి 400 దాకా ఎగబాకుతుంది. అప్పట్లో బల్బు పేలేది. ఇప్పుడు రౌటరు, కెమెరా, తాళం, అన్నీ ఒక్క క్షణంలో పోతాయి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు తీగ మీద కొబ్బరిమట్ట పడినా చాలు కదండీ మనకి! ఓవర్ వోల్టేజికి పడిపోయే కటాఫ్, పిడుగుపాటు లాంటి ఒక్కసారి వోల్టేజి ఎగదన్నితే కాచే సర్జ్ ప్రొటెక్టర్, కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, గట్టి ఎర్తు, ఈ నాలుగూ అయ్యాకే స్మార్ట్ సామాను కొనండి. లంకల్లో కట్టేవాళ్లు 1986 వరద మీ చోట ఎంతవరకు వచ్చిందో పెద్దల్ని అడిగి, ఇంటి మొత్తానికి కరెంటు పంచే డీబీ బోర్డు అంతకంటే పైన పెట్టించండి.

టైమైందని చీటీ పంపారు. ఒక్క మాట, అధ్యక్షా. నెట్ పోయినా, ఫోన్ పోయినా, చేత్తో నొక్కితే లైటు వెలగాలి. అలా వెలగని సామాను పెద్దవాళ్లుండే ఇంట్లో బిగించకండి, దండం పెడతాను.

ఆవిడ ఇంట్లో గాడులు కొట్టి, న్యూట్రల్ లాగి, మళ్లీ ప్లాస్టరింగు చేయించాను. ఎల్లుండి అంబాజీపేట దగ్గర ఇంకో ఇంటికి శ్లాబు పోస్తున్నారు. కాంక్రీటు ఏడింటికి మొదలు. ఆరింటికల్లా వస్తే ఇనుము మీద పైపులన్నీ పరిచి ఉంటాయి, టేపు పెట్టి కొలతలతో ఫొటోలు తీసుకోవచ్చు. ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా రండి.