పాత దిగులు దగ్గరికి మళ్లీ
(అమలాపురంలో, సొంతంగా పాటలు కట్టి పాడుకునే యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఒకసారి వదిలి వచ్చిన దిగులు పాట దగ్గరికి మళ్లీ వెళ్లడం వెనకడుగని పాటలు కట్టేవారిలో చాలామంది భయపడతారు. నాకు ఆ భయం లేదు. ఎందుకో చెప్పడానికి అమెరికా గాయకుడు బెక్ పాటలను ఎంచుకున్నాను. తన పాటలు తానే రాసుకుని పాడే మనిషి ఆయన.

1990లలో బెక్ అంటే ర్యాప్, జానపదం, పాత రికార్డుల ముక్కలు కలగలిపిన చిలిపి పాట. అలాంటి మనిషి 2002లో ‘సీ చేంజ్’ ఆల్బమ్ తెచ్చారు. ఏళ్ల తరబడి సాగిన ప్రేమ తెగిపోయాక రాసిన పాటలవి. చమత్కారమంతా పక్కన పెట్టేశారు. అకూస్టిక్ గిటారు, నింపాదైన నడక, వెనక వయొలిన్లు, దాపరికం లేని గొంతు.

ఆ తర్వాత మళ్లీ వేరే దారులు పట్టారు. వెన్నుకు దెబ్బ తగిలి కొంతకాలం గిటారు వాయించడమే కష్టమైంది. 2008 తర్వాత ఆరేళ్లపాటు కొత్త ఆల్బమ్ రాలేదు. మధ్యలో, 2012లో, 20 పాటలను తాను పాడి రికార్డు చేయకుండా స్వరలిపిగా అచ్చువేసి, ఎవరికి తోచినట్టు వారు పాడుకోమన్నారు. నాకు ఎంతో ఇష్టమైన పని అది. మన కృతులు శిష్యుల గొంతుల్లోనే కదా మన దాకా వచ్చాయి!

2014లో ‘మార్నింగ్ ఫేజ్’ వచ్చింది. మళ్లీ అదే గిటారు, అదే నింపాది. డ్రమ్స్ మీద జోయీ వారన్కర్, గిటారు మీద స్మోకీ హోర్మెల్, ఇంకా పాత వాద్యకారులు కొందరు తిరిగి వచ్చారు. రెండు ఆల్బమ్‌లలోనూ తీగవాద్యాల కూర్పు బెక్ తండ్రి డేవిడ్ క్యాంప్‌బెల్‌దే. మరుసటి ఏడాది గ్రామీలలో ఉత్తమ ఆల్బమ్ బహుమతి దీనికే దక్కింది.

మరి పాతదే మళ్లీ పాడారా? శ్రద్ధగా వినండి. మొదటిదాంట్లో గొంతు మన చెవి పక్కనే ఒంటరిగా ఉంటుంది. రెండోదాంట్లో తన గొంతునే పొరలు పొరలుగా పేర్చుకున్నారు. అదే దిగులు, కానీ తోడు దొరికిన దిగులు. ‘వేవ్’ అనే పాటలో గిటారు లేదు, డ్రమ్స్ లేవు. తండ్రి కూర్చిన తీగవాద్యాలు, కొడుకు గొంతు, అంతే. 2002లో ఆయన ఈ పాట పాడగలిగేవారని నేను అనుకోను. ప్రేమ పోయిన బాధలో నిందించడానికైనా, బతిమాలడానికైనా ఎదుట ఒక మనిషి ఉంటుంది. ‘వేవ్’లోని బాధకు ఎదుట ఎవరూ లేరు. అక్కడికి చేరడానికి వయసు కావాలి.

మన కోనసీమ పల్లెల్లో చావు జరిగిన ఇంట తత్వాలు పాడేవారిని మీరు వినే ఉంటారు. ఏళ్లు గడిచినా అదే తత్వం, అదే వరస. తన ఇంట్లోనూ ఒక మరణం చూశాక ఆ మనిషి ఆగే చోట్లు మారతాయి, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పొడవవుతుంది. ‘పాడిందే పాడుతున్నావు’ అని ఆయనను ఎవరూ అనరు. ఈ సీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు కొత్త రాగాలనే సృష్టించారు. అయినా పాత రాగాలను వదిలిపెట్టలేదు. రాగం విషయంలో మనకున్న ఆ ఓపిక దిగులు విషయంలో ఎందుకు ఉండకూడదు?

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. అప్పుడు చప్పట్లు పడ్డాయి కదా అని వెనక్కి వెళ్లకండి. గిటారు మీద కలిపి పలికించే పాత స్వరాల గుత్తులు, అదే కార్డ్స్, రానివ్వండి, పాత లయ రానివ్వండి, అప్పట్లో మీతో వాయించిన స్నేహితులను పిలవండి. మాటలు మాత్రం ఇవాళ్టివి కావాలి. ఇరవై ఏళ్లప్పుడు ‘నువ్వు వెళ్లిపోయావు’ అని రాసినవారు నలభైలో కూడా ఆ ఒక్క మాటే రాస్తే, నడుమ ఇరవై ఏళ్లు బతికిన బతుకంతా ఏమైందని వినేవారు అడుగుతారు.

ఇప్పుడు రెండు పాటలు వినిపిస్తాను. ‘సీ చేంజ్’ మొదటి పాట ‘ద గోల్డెన్ ఏజ్’ ఒకటి. ‘మార్నింగ్ ఫేజ్’లో నిమిషం కూడా లేని తీగవాద్యాల ఆరంభం తర్వాత వచ్చే ‘మార్నింగ్’ రెండోది. ముందు 2014 నాటిది పెడతాను, ఆ తర్వాత 2002 నాటిది. ఇలా కొత్తదాని నుంచి పాతదానికి వెళ్తూ వింటే, గొంతు చుట్టూ అప్పట్లో ఎంత ఖాళీ ఉండేదో బాగా తెలుస్తుంది. విన్నాక గిటార్లు తీయండి. ఒక్కొక్కరి పాత పాట ఒకటి నేను వినాలి.